పెరటి సందు చరిత్ర

మన ఇళ్ళలో వంటింటికీ, పడకగదికీ పేరు వెతుక్కోనక్కరలేదు. ఒక్క గదికి మాత్రం తరానికొక పేరు పుడుతూ వచ్చింది. మా తాతగారి తరం పాయిఖానా అన్నది. నెల్లూరు వైపు బంధువులు కక్కసు అనేవారు. బడి పుస్తకాలలో మరుగుదొడ్డి అని చదువుకున్నాము. మా తరానికి అది లెట్రిన్ అయింది, మా పిల్లలకు వాష్‌రూమ్ అయింది. పాయిఖానా పారసీక పదం. పాయ్ అంటే పాదం, ఖానా అంటే ఇల్లు. కక్కసు డచ్చివారి మాట. పులికాట్, మచిలీపట్నం, భీమునిపట్నం రేవులలో వర్తకం చేసిన ఆ జాతి కోటలూ సమాధులూ విడిచి వెళ్ళింది. వాటితోపాటు తమిళులకు కక్కూసునూ మనకు కక్కసునూ విడిచింది. ఈ పేర్లన్నింటిలో అచ్చంగా మనదనిపించేది మరుగుదొడ్డి ఒక్కటే. అందులో మొదటి మాటే మరుగు.

మరుగుపడినది ఆ గది మాత్రమే కాదు. దానిని రోజూ శుభ్రం చేసిన మనిషి కూడా మన చరిత్రలలో మరుగుపడిపోయాడు. రాజుల చరిత్ర మనకున్నది. చెరువుల చరిత్రను, గుడుల చరిత్రను శాసనాలు చెబుతున్నాయి. ఇంటి వెనుక సందుకు మాత్రం శాసనం లేదు. నాకు తెలిసినంతలో ఆ సందు చరిత్రను, దాని స్థానంలోకి వచ్చిన సెప్టిక్ ట్యాంకు చరిత్రను ఇక్కడ ఒక చోట చేర్చాలని ప్రయత్నం. విషయం సుగంధభరితమైనది కాదు, చదువరులు మన్నించాలి.

ప్రాచీనుల సంగతి ముందుగా చెప్పుకుని దాటిపోదాము. మొహెంజొదారో ఇళ్ళలో స్నానాల గదుల నీరు, మరుగుదొడ్ల నీరు వీధి కాలువలలోకి పోయే ఏర్పాటు ఉన్నదని పురావస్తు తవ్వకాలు చూపించాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఇళ్ళను గురించి చెప్పిన భాగం మలమూత్రాల గుంటలను, మురుగు కాలువలను పొరుగువానికి ఇబ్బంది కలిగేటట్లు కట్టినవానికి జరిమానా విధించింది. అయితే మన పల్లెలలో మొన్నమొన్నటిదాకా జనం చెంబు పట్టుకుని పొలం గట్టుకో చెరువు వెనక్కో వెళ్ళేవారు. అందులో ఆడవారు పడిన కష్టం వేరొక చరిత్ర. కాని పల్లెలో గుంట లేదు గనుక గుంటను ఎత్తే మనిషి అవసరమూ పెద్దగా లేకపోయింది. ఇంటింటికీ తిరిగి మలమెత్తే పని ప్రధానంగా పట్టణం పెంచి పోషించిన పని.

మన తీరాంధ్రలో ఆ పట్టణానికి ఒక పుట్టినరోజు చెప్పుకోవచ్చు. మద్రాసు ప్రభుత్వం 1865లో పట్టణాభివృద్ధి చట్టం చేసింది. మరుసటి ఏడాది, 1866లో, గుంటూరు, కాకినాడ, మచిలీపట్నం వంటి ఊళ్ళు మునిసిపాలిటీలయ్యాయి. కలరా భయం దొరలను వెన్నాడుతున్న రోజులవి. వీధులు ఊడవాలి, చెత్త ఎత్తాలి, మలాన్ని ఊరి బయటకు చేర్చాలి. ఇందుకు ఇంజనీరింగు వైపు నుంచి భూగర్భ మురుగు కాలువలు ఒక మార్గం. దానికి ధనం కావాలి, పుష్కలంగా నీరు కావాలి. రెండవ మార్గం మనుషులు. మన పట్టణాలకు చవకగా దొరికినది రెండవదే.

అందువల్లనే పాత పట్టణపు ఇళ్ళకు ఆ నమూనా ఏర్పడింది. ముందు వీధి, వెనుక పెరడు, పెరటి గోడ అవతల మనిషి పట్టేటంత సందు. పెరటి మూలలో నాలుగు మెట్లు ఎక్కి కూర్చునే గది. కూర్చునే చోటు కింద రేకు డబ్బా గాని గంప గాని ఉండేది. గోడకు సందు వైపున, నేలకు సమంగా, చిన్న తలుపు. మా తాతగారి ఇంట ఆ తలుపు ఇనుప రేకుది. తెల్లవారుజామున అది కిర్రుమన్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తు. బకెట్టుతో, రేకు పారతో, తలపై గంపతో వచ్చే మనిషి సాధారణంగా స్త్రీ. మగవారికి మునిసిపాలిటీ బండ్ల దగ్గర, కాలువల దగ్గర పని. ఇళ్ళ పని ఆడవారిది. ఆమెను మా ఇంట ఎవరూ పేరు పెట్టి పిలిచినట్లు నాకు జ్ఞాపకం లేదు. పని పేరే ఆమె పేరు. పండుగ నాడు అన్నం, పాత చీర గోడ మీది నుంచి అందించేవారు. నెలకు ఇంత అని కూడా ఇచ్చేవారు. ఇచ్చినవారి చేయి, పుచ్చుకున్నవారి చేయి తగలని రీతిలో ఇవ్వడం అందరికీ అలవాటైపోయింది. పెరటి గోడ ఎత్తును నిర్ణయించినది దొంగల భయం ఒక్కటే కాదని నా అభిప్రాయం.

ఈ పని చేసినవారు ఎక్కడివారు? కోస్తా మునిసిపాలిటీలలో చాలామంది విశాఖ, శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల నుంచి వచ్చిన రెల్లి కులస్థులు. హైదరాబాదులో ఉత్తరాది నుంచి వచ్చిన మెహతర్లు ఉండేవారు. మనవారు ఈ పనికి వలస కూడా వెళ్ళారు. బ్రిటిషు పాలనలోని రంగూను నగర పారిశుద్ధ్యం అధిక భాగం తెలుగు కూలీల రెక్కల మీద నడిచింది. కోలారు బంగారు గనులలో దొరల బంగారం తవ్విన తమిళ, తెలుగు కార్మికుల వాడలలో దొడ్లు ఎత్తినవారిలోనూ తెలుగువారున్నారు. అటువంటి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ తరువాతి కాలంలో సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నడిపి 2016లో రామన్ మెగసెసే పురస్కారం పొందారు. ఆ ఉద్యమాన్ని నిలబెట్టడంలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన విశ్రాంత ఐఏయస్ అధికారి ఎస్. ఆర్. శంకరన్ పాత్ర ఉన్నది. మన సాహిత్యకారుల జాబితాలను కంఠస్థం చేసిన మనకు ఈ రెండు పేర్లు ఎంతమందికి తెలుసునో నేను చెప్పలేను.

ఇక ట్యాంకు కథకు వస్తాను. ఇది ఫ్రాన్సు దేశంలో మొదలవుతుంది. అక్కడి వెసూల్ అనే ఊళ్ళో ఝాన్ లూయీ మూరాస్ అనే ఆయన 1860 ప్రాంతంలో తన ఇంటి మురుగు కోసం గాలి చొరని రాతి తొట్టి ఒకటి కట్టించాడు. సుమారు పన్నెండేళ్ళ తరువాత మూత తీసి చూస్తే గట్టి పదార్థం నిండిపోయి ఉండవలసిన చోట ఎక్కువగా నీరే కనిపించింది. ఆశ్చర్యపడి, విజ్ఞాన విషయాలు రాసే అబ్బే ముఆన్యో అనే మతగురువును సంప్రదించాడు. ఇద్దరూ పరీక్షలు చేశారు, 1881లో పేటెంటు వచ్చింది. ముఆన్యో ఆ తొట్టిని గురించి రాసినపుడు దానికి ‘తనంత తానే పనిచేసే పాకీ’ అని అర్థం వచ్చే పేరు వాడాడు. ఈ పేరు చదివినప్పుడు నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ యంత్రం పుట్టుకలోనే ఒక వాగ్దానం ఉన్నది: ఇక మనిషి దిగనక్కరలేదు.

పారిస్‌లో, లండన్‌లో గుంటలు ఎత్తే మనుషులు శతాబ్దాలుగా ఉన్నారు. ఇంగ్లండులో వారికి రాత్రివేళ మాత్రమే పని చేసే అనుమతి ఉండేది. 1858 వేసవిలో థేమ్స్ నది కంపుకు పార్లమెంటు సభ్యులే కూర్చోలేకపోయిన తరువాత లండన్ మహానగరం పెద్ద మురుగు కాలువలు కట్టుకున్నది. చిన్న ఊళ్ళకు అంత స్థోమత లేదు. ఎక్సెటర్ పట్టణపు సర్వేయరు డొనాల్డ్ కామెరాన్ 1895–96లో ఊరి మురుగు కోసం తొట్టి కట్టి దానికి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. కుళ్ళబెట్టేది అని అర్థమిచ్చే గ్రీకు పదం నుంచి ఆ పేరు వచ్చింది. మన దేశానికి ఈ విద్య రావడానికి ఆలస్యం కాలేదు. బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో 1897లోనే ఇటువంటి తొట్టి పనిచేసింది. దాని నుంచి వెలువడిన వాయువును పట్టి వాడుకున్నారు కూడా. అంటే సెప్టిక్ ట్యాంకు వయసులో మన దేశం వెనుకబడి లేదు. వెనుకబడినది దానిని అందరి ఇళ్ళకూ తేవడంలో.

హైదరాబాదు కథ కొంత భిన్నం. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. వరద నివారణతోపాటు నగరపు మురుగు పారుదలకు కూడా ఆయన ప్రణాళిక ఇచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గురించి అందరూ చెప్పుకుంటారు. నేల కింది గొట్టాల గురించి చెప్పుకునేవారు తక్కువ. అయినా ఆ గొట్టాలు నగరమంతటికీ చేరలేదు. తక్కిన తెలుగు పట్టణాల సంగతి చెప్పనక్కరలేదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి డబ్బా, గంప, పెరటి సందు అలాగే ఉన్నాయి.

స్వతంత్ర భారతంలో సంఘాలు వరుసగా వచ్చాయి. బొంబాయి ప్రభుత్వం 1949లో బర్వే సంఘాన్ని వేసింది. కేంద్రం 1957లో మల్కానీ అధ్యక్షతన సంఘాన్ని వేయగా 1960లో నివేదిక వచ్చింది. తలమీద గంప మోసే పద్ధతి పోవాలని అందరూ రాశారు. 1963లో భారత ప్రమాణాల సంస్థ సెప్టిక్ ట్యాంకు కట్టవలసిన పద్ధతిని నిర్దేశించింది. 1985లో దానిని సవరించారు. బిందేశ్వర్ పాఠక్ 1970లో సులభ్ సంస్థను స్థాపించి రెండు గుంటల మరుగుదొడ్డిని ప్రచారం చేశారు. ఒక గుంట నిండగానే రెండవదానికి మళ్ళిస్తే మొదటిదానిలోని మలం కాలక్రమంలో మట్టి వంటి ఎరువవుతుంది. చవకైనది, నిరపాయకరమైనది. కాని మన మధ్యతరగతికి గుంట అనే మాట నచ్చలేదు, ట్యాంకు అనే మాట నచ్చింది. 1970, 80 దశకాలలో మా వీధి ఇళ్ళన్నీ ఒకదాని తరువాత ఒకటి ట్యాంకులు కట్టుకున్నాయి. పెరటి సందు అవసరం తీరిపోయింది. కొందరు దానిని ఆక్రమించుకుని స్నానాల గదులు కట్టుకున్నారు.

తెల్లవారుజామున వచ్చే ఆ స్త్రీ ఏమైనదో ఎవరూ అడగలేదు. ఆమె రాకపోవడాన్ని మేము అభివృద్ధి అనుకున్నాము. గంప దిగడం అభివృద్ధే, సందేహం లేదు. అయితే పని పోలేదు. రోజూ జరిగే పని ఐదేళ్ళకో పదేళ్ళకో ఒకసారి జరిగే పనిగా మారింది. రోజూ జరిగిన పని అవమానకరమైనది. ఎప్పుడో ఒకసారి జరిగే ఈ పని ప్రాణాంతకమైనది కూడా.

ఎందుకో తెలియాలంటే ట్యాంకు లోపల ఏమి జరుగుతుందో తెలియాలి. ఇంటి నుంచి వచ్చిన మురుగు అందులో ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. జిడ్డు, తేలికైనవి పైకి తేలి తెట్టు కడతాయి. బరువైనవి అడుగుకు చేరి మడ్డి అవుతాయి. నడుమనున్న నీరు గొట్టం ద్వారా ఇంకుడు గుంతలోకి పోతుంది. గాలి అవసరం లేని సూక్ష్మజీవులు మడ్డిని తింటూ దాని పరిమాణం తగ్గిస్తాయి. తగ్గిస్తాయే గాని మాయం చేయలేవు. మూరాస్ తొట్టి కథను విన్నవారు ఇక ఎన్నటికీ శుభ్రం చేయనక్కరలేదని భ్రమపడ్డారు. ఆ భ్రమ మన మేస్త్రీలకూ ఇంటివారికీ కూడా అంటుకున్నది. పెద్ద ట్యాంకు కట్టించి, పైన గచ్చు చేసి, మూత ఎక్కడున్నదో కూడా మరచిపోయిన ఇళ్ళు నాకు అనేకం తెలుసు. నిజానికి రెండు మూడేళ్ళకు ఒకసారి మడ్డి తీయించాలి. తీయించకపోతే మడ్డి పెరిగి, నీరు నిలిచే చోటు తగ్గి, శుద్ధి కాని మురుగు నేరుగా ఇంకుడు గుంతలోకి, అక్కడి నుంచి పక్కింటి బావిలోకి పోతుంది.

ఆ సూక్ష్మజీవులే వాయువులను కూడా పుట్టిస్తాయి. మీథేన్ నిప్పు తగిలితే మండుతుంది. హైడ్రోజన్ సల్ఫైడు గాలికంటె బరువైనది గనుక తొట్టిలో అడుగున పేరుకుంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. ఇంకా పెరిగితే ఒకటి రెండు శ్వాసలలో మనిషి పడిపోతాడు. వాసన లేదు గదా అని దిగినవాడు అందుకే తిరిగి రాడు. అతనిని పైకి లాగాలని దిగిన రెండవ మనిషి, మూడవ మనిషి కూడా అదే విధంగా పోతారు. పత్రికలలో ఈ వార్తలు తరచుగా ఇద్దరు, ముగ్గురు అన్న సంఖ్యతో రావడానికి కారణం ఇదే. ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పిన లెక్కల ప్రకారం 1993 నుంచి మురుగు కాలువలలో, సెప్టిక్ ట్యాంకులలో చనిపోయినవారు వెయ్యికి పైబడి ఉన్నారు.

చట్టం కూడా నెమ్మదిగానే ఇక్కడికి చేరింది. 1993లో చేసిన చట్టం ఎత్తుడు పాయిఖానాలను నిషేధించింది. అది 1997 జనవరి 26న ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలలో అమలులోకి వచ్చింది. దాని దృష్టి గంప మీదనే ఉన్నది, ట్యాంకు మీద లేదు. 2013లో వచ్చిన కొత్త చట్టం ఆ లోటు తీర్చింది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం నేరం. దింపినది మునిసిపాలిటీ అయినా, గుత్తేదారు అయినా, ఇంటి యజమాని అయినా నేరమే. మొదటిసారి నేరానికి రెండేళ్ళ వరకు జైలు గాని, రెండు లక్షల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు 10 లక్షల పరిహారం ఇవ్వాలన్నది. 2023 అక్టోబరు 20న దానిని 30 లక్షలు చేసింది. 2025 జనవరిలో హైదరాబాదుతో సహా ఆరు మహానగరాలలో ఈ పనిని మనుషులచేత చేయించరాదని మళ్ళీ ఆదేశించింది. మళ్ళీ ఆదేశించవలసి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది.

ఈ చట్టంలో నాకు ముఖ్యంగా తోచినది ఒకటే. పెరటి గోడ మనకు ఇచ్చిన మరుగును అది తీసివేసింది. మా తాతగారికి ఆ స్త్రీ మునిసిపాలిటీ మనిషి. ఆమె కష్టం మునిసిపాలిటీ బాధ్యత. నేడు కరెంటు స్తంభం మీది ఫోను నంబరు చూసి బండిని పిలిచేది నేను. బేరమాడేది నేను. పని తొందరగా ముగించమని పైన నిలబడి చెప్పేదీ నేనే.

కిందటి సంవత్సరం మా ఇంటికి వచ్చిన బండి డ్రైవరుతో కొంతసేపు మాట్లాడాను. ముప్పై ఏళ్ళు దాటని యువకుడు. గొట్టం వేసి మోటారు నడుపుతూ ఆయన చెప్పిన మాట నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

“మీరు మూడేళ్ళకోసారి పిలుస్తున్నారు కాబట్టి గొట్టం లాగేత్తందండి. పదేళ్ళు, పదిహేనేళ్ళు వదిలేసినోళ్ళ ఇళ్ళల్లో అడుగున రాయిలాగ అయిపోద్దండి. బండి నీళ్ళు పీల్చుద్ది గాని రాయిని పీల్చదు కదండి. అప్పుడే ఇంటోళ్ళు, ఎవడో ఒకడు దిగి గునపంతో పొడవండయ్యా, ఇంకో వెయ్యి ఇత్తాం అంటారు.”

“మరి మీరెప్పుడైనా దిగారా?” అని అడిగాను.

“మా నాన్న దిగేవోడండి. నన్ను దిగనివ్వలేదు. ఈ బండికి అప్పు చేసింది కూడా అందుకేనండి.”

మనిషిని ట్యాంకులోకి దింపేది సాధారణంగా క్రూరత్వం కాదు, బద్ధకం. వాయిదా వేసిన ఏడేళ్ళు ఎనిమిదేళ్ళు అడుగున గట్టిపడి కూర్చుంటాయి. ఆ గట్టిదనాన్ని పొడవడానికి ఒక మనిషి కావలసి వస్తాడు. కనుక మూడేళ్ళు దాటకుండా బండిని పిలవడం పొదుపు విషయమో శుభ్రత విషయమో మాత్రమే కాదు. మూత కనిపించేటట్లు, తెరవడానికి వీలుగా ఉంచడం, గాలి గొట్టం మూసుకుపోకుండా చూడడం, తొట్టిలోకి యాసిడ్, ఫినాయిలు విచ్చలవిడిగా పోయకపోవడం, గుడ్డలూ ప్లాస్టికూ వేయకపోవడం కూడా దానిలో భాగాలే. యాసిడ్ మడ్డిని తినే జీవులను చంపుతుంది. గుడ్డ గొట్టానికి అడ్డుపడి మనిషిని పిలిపిస్తుంది. బండివారితో బేరం కుదుర్చుకునేటప్పుడే ఎవరూ లోపలికి దిగరాదని చెప్పి, గొట్టం చాలినంత పొడవున్నదా అని అడగడం మంచిది. మడ్డి గట్టిపడితే నీరు చిమ్మి కలిపి లాగమనాలి. అది వీలుకాకపోతే యంత్రమున్నవారిని పిలవాలే గాని వెయ్యి ఎక్కువ ఇస్తామనరాదు.

ఇంకొక ప్రశ్న కూడా అడగవలసి ఉన్నది: ఈ బండి ఎక్కడికి పోతుంది? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాలలో 38.2 శాతం సెప్టిక్ ట్యాంకు మీద, 32.7 శాతం మురుగు కాలువ మీద ఆధారపడి ఉన్నాయి. అంటే ట్యాంకు ఇళ్ళే ఎక్కువ. అయినా ట్యాంకు నుంచి తీసిన మడ్డికి చాలాకాలం చిరునామా లేదు. ఊరి బయటి కాలువ, వాగు, ఖాళీ స్థలం, ఇవే. వరంగల్ నగరపాలక సంస్థ 2016లో ఈ బండ్ల మీద నిబంధనలు తెచ్చింది. 2017లో కేంద్రం జాతీయ విధానం ప్రకటించింది. తరువాత మడ్డిని శుద్ధి చేసే కేంద్రాలు తెలుగు పట్టణాలలోనూ వెలిశాయి. మీ ఊరిలో అటువంటిది ఉంటే బండి అక్కడికే వెళుతున్నదా అని అడగడం ఇంటి యజమాని హక్కు, బాధ్యత కూడా. కాలువలో కలిసినది ఏదో ఒకరోజున దిగువ ఊరి కుళాయిలో కనిపిస్తుంది.

మూరాస్ తొట్టికి పెట్టిన పేరు నూట నలభై ఏళ్ళు దాటినా నిజం కాలేదు. తనంత తానే పనిచేసే తొట్టి లేదు. ఇంటివారి శ్రద్ధ, బండివాని నైపుణ్యం కలిస్తే పనిచేసే తొట్టి ఉన్నది. మా ఇంట ట్యాంకు శుభ్రం చేయించిన తేదీని కరెంటు మీటరు పెట్టె లోపలివైపు రాసి ఉంచుతున్నాము. తరువాతి తేదీ కూడా దాని కిందనే రాశాను.

చదువరులకు ఒక విన్నపం. మీ పాత ఇంటి వెనుక ఆ సందు, గోడకు ఆ చిన్న తలుపు ఇంకా మిగిలి ఉంటే, కూల్చేలోపున ఒక ఛాయాచిత్రం తీసి ఉంచండి. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవారుంటే ఆ తలుపు దగ్గరకు వచ్చిన మనిషి పేరు గుర్తున్నదేమో అడగండి. మా ఇంట మిగిలిన ఒక్క మేనత్తను అడిగాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, ఆమెకు ఎడమచేతి మీద పచ్చబొట్టు ఉండేదని మాత్రం చెప్పగలిగింది.